షాఫ్టు లాక్కుపోయిన జడ

మా పత్తి మిల్లులో ఒక దసరా రోజున నేను చావబోయాను, నాతోపాటు ఇంకో పిల్లని కూడా చంపబోయాను. కత్తీ విషం లాంటివేమీ వాడలేదు. ఒక జడ, ఒక కొబ్బరిచిప్ప, నా నోరు, ఇవే వాడాను. వీటన్నిట్లో నోరే ఎక్కువ ప్రమాదం. ఇప్పుడు ఎవరికైనా చెప్తుంటే నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో నా చెయ్యి దానంతటదే మెడ మీదకి పోతుంది, అది ఇంకా అక్కడే ఉందా లేదా చూసుకోవడానికి.

నా పేరు రత్తమ్మ. గుంటూరు పక్కన నల్లపాడు దాటాక ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో ఆడకూలీల ముఠాకి పెద్దని. ఇదంతా సెల్‌ఫోన్లు ఇంకా పెద్దవాళ్ల జేబుల్లోనే ఉన్న రోజుల మాట. మిల్లులో మా పని చెప్పుకోవడానికి తేలిక. చేలో తీసిన పత్తి లారీల్లో వస్తుంది. మేము వరసగా నిలబడి దాన్ని మిషన్లలో వేస్తాం. మిషను దూదిని ఒకవైపుకి, గింజల్ని ఇంకోవైపుకి నెడుతుంది. ఆ మిషన్లన్నిటినీ తిప్పేది వెనకాల మోకాలెత్తున, గోడ పొడుగునా పోయే ఒక ఇనప కడ్డీ. దాన్నే షాఫ్టు అంటాం. అది తిరుగుతున్నప్పుడు తిరుగుతున్నట్టు కనపడదు. నూనె మెరుపుతో, పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా ఉంటుంది. చెయ్యి వేసి నిమరాలనిపిస్తుంది. నిమిరినవాళ్లు మళ్లీ ఆ చేత్తో అన్నం తినరు.

షాఫ్టు సంగతి చెప్పాను. ఇక నా జుట్టు సంగతి.

మా ముఠాలో నా జడంత జడ ఇంకొకరికి లేదు, ఒక్క నాగమణికి తప్ప. నాగమణి అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. దాని జుట్టు విప్పితే మోకాళ్లు దాటేది. నాది నడుం దాటేది. నాగమణి తన జుట్టు గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. నేను మాట్లాడకుండా ఎప్పుడూ ఉండేదాన్ని కాదు.

"అత్తా, తలకేం రాస్తావు?" అని అడిగేవాళ్లు మా ఆడవాళ్లు.

"గుంటగలగరాకు దంచి, ఆ పసరు నువ్వులనూనెలో పోసి, సన్నసెగ మీద కాచాలే. మా పుట్టింటివాళ్లకి తరతరాలుగా వస్తున్న నూనె. మా నాయనమ్మ పోయేనాటికి కూడా ఒక్క వెంట్రుక తెల్లబడలేదు," అనేదాన్ని.

పాపం, అందరూ కాలవగట్ల మీద పడి ఆ ఆకంతా పీకేశారు. మా వైపు ఆ మొక్క దొరక్కుండా పోయిందంటే అది నా చలవే.

అసలు నిజం మీకొక్కళ్లకే చెప్తాను. నాకు ఆ మిల్లులో చేరకముందే టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోతూ పోతూ జుట్టుని కూడా తీసుకుపోయింది. తల మీద మిగిలింది కోత అయిపోయిన మిరపతోటలాగా అక్కడో పుల్ల, ఇక్కడో పుల్ల. చీరాల వెళ్లినప్పుడు స్టేషను బయట ఒకావిడ సవరాలు అమ్ముతుంటే మంచి లావుపాటిది చూసి కొనుక్కున్నాను. మిగిలిన నాలుగు వెంట్రుకలూ దాని మొదట్లో ముడేసి, పైన పిన్నులు గుచ్చితే దేవుడు కూడా పట్టుకోలేడు. నా మొగుడికి తప్ప నరమానవుడికి తెలీదు. ఆయన చచ్చినా చెప్పడు. చెబితే ఆ రాత్రి అన్నం ఉండదని ఆయనకి తెలుసు.

ఇలా నా బతుకు హాయిగా సాగిపోతుంటే, మిల్లుకి సుధాకరంగారని కొత్త మేనేజరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ భయపడుతున్నట్టుండేవాడు. వచ్చీరాగానే షాఫ్టు పొడుగునా ఇనప జాలీ పెట్టించాడు. గోడకి ఒక బోర్డు కొట్టించాడు. దాని మీద తిరిగే చక్రం, దాని పక్కన జడ వేలాడేసుకున్న ఒక ఆడమనిషి బొమ్మ, కింద ఏవో అక్షరాలు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. రాకపోతే ఊరుకోవచ్చు కదా.

"ఏమే నాగమణీ, ఇది తలనూనె ప్రకటన. మేనేజరు నూనె వ్యాపారం కూడా పెట్టినట్టున్నాడు," అన్నాను. అందరూ నవ్వారు. అక్షరాలు వచ్చిన ఇద్దరు పిల్లలు నవ్వలేదు. కానీ ముఠా పెద్దని కాదనేదెవరు?

తర్వాత ఆయన మమ్మల్నందరినీ పిలిచి చెప్పాడు. "అమ్మా, ఈ సీజను నుంచి కొంగులు బొడ్లో దోపుకుని పైన చొక్కా వేసుకోవాలి. జడలు విప్పి ముడి చుట్టి, మీద గుడ్డ గట్టిగా కట్టుకోవాలి. గేటు దగ్గర అలా ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తాను."

చొక్కాలకి మాకేం అభ్యంతరం లేదు. మిరపకోతలకి మొగుళ్ల చొక్కాలు వేసుకుని వెళ్లేవాళ్లమేగా. తలగుడ్డా మాకు కొత్త కాదు. సరేనని అందరూ తల ఊపబోతుండగా ఆయన నావైపు తిరిగాడు.

"రత్తమ్మగారూ, మీరు పెద్దవారు. మీ జడ అందరికంటే లావు. మీరు ముందు ఇక్కడే విప్పి, ముడి ఎలా చుట్టాలో వీళ్లకి చూపించండి."

ముఠా అంతా చూస్తుండగా జడ విప్పడం అంటే, జడ నా చేతిలోకి వచ్చేస్తుంది. అక్షరాలా చేతిలోకి.

అలాంటప్పుడు మనిషికి ఎక్కడలేని భక్తి పుట్టుకొస్తుంది. "ఏంది బాబూ అట్టాగంటారు? మేము ముత్తైదువలం. నలుగురు మగాళ్ల ముందు జుట్టు విరబోసుకుంటామా? పసుపుకుంకాలతో ఉన్న ఆడాళ్లకి ముసుగులు కట్టిస్తారా? మా మొగుళ్లు బతికే ఉన్నారు బాబూ," అన్నాను.

"మిరపకోతల్లో కట్టుకుంటాంగా అత్తా," అంది నాగమణి మెల్లిగా.

"అది ఎండకే. ఇది అశుభానికి. నోర్మూసుకో," అన్నాను.

అశుభం అన్న మాట పడ్డాక ఇక ఎవరి తలకి ఎవరు గుడ్డ కడతారు? అప్పటిదాకా సరేనన్నవాళ్లంతా నా వెనకాల చేరారు. "మా అత్త చెప్పిందే మా మాట," అన్నారు. నాకోసం ప్రాణాలిచ్చేట్టున్నారు. నిజంగానే ఇవ్వబోయారని అప్పుడు నాకు తెలీదు.

సుధాకరంగారు చాలాసేపు బతిమాలాడు. చివరికి, "మీకు అర్థం కావట్లేదు. జుట్టు షాఫ్టుకి తగులుకుంటే ఏమవుతుందో నేను చూశాను," అన్నాడు.

"ఏమవుతుంది బాబూ?" అని అడిగాను ఎకసెక్కంగా.

"మీరింకా అన్నాలు తినలేదు. చెప్పను," అని వెళ్లిపోయాడు.

మేమంతా ఆయన నడకని అనుకరించి మరీ నవ్వుకున్నాం.

దసరా వచ్చింది. ఆ రోజు మిల్లులో ఆయుధపూజ. కొత్త సీజనుకి అదే మొదలు. మిషన్లన్నీ తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, పూలు కట్టి, కొబ్బరికాయ కొట్టి, ముఠా పెద్ద చేత్తో మొదటి పిడికెడు పత్తి వేయించి, అప్పుడు దిష్టి తీస్తారు. మేమందరం కొత్త చీరలు కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని వెళ్లాం. నేనైతే సవరం కనపడనంతగా కనకాంబరాలు చుట్టాను. నా జడ నడుస్తుంటే పక్కన ఇంకో మనిషి నడుస్తున్నట్టుంది.

"ఇవాళ్టికి తలగుడ్డలు వద్దులే, మిషన్లు నడపం కదా," అన్నాడు సుధాకరంగారు.

"నడపకపోతే మొదటి పత్తి ఎట్టా వేస్తాం బాబూ? ఆగిపోయిన మిషన్లో వేస్తే సీజనంతా ఆగిపోదూ?" అన్నాను.

ఆయన నుదురు నొక్కుకుని, "ఒక్క నిమిషం నడిపి ఆపేద్దాం. ఎవరూ వెనకవైపుకి వెళ్లొద్దు," అన్నాడు.

నేను అక్కడితో ఆగానా? షాఫ్టుకి బొట్లు పెట్టబోతే జాలీ అడ్డమొచ్చింది. ఫిట్టరు కోటయ్యని పిలిచాను.

"ఒరేయ్ కోటయ్యా, ఆ జాలీ ఊడదియ్యి."

"మేనేజరుగారు వద్దన్నారక్కా."

"అన్నిటినీ తిప్పేది ఇదేగదరా. దీనికే బొట్టు లేకపోతే ఎట్టా? దేవుణ్ణి బోనులో పెట్టి పూజ చేస్తామా?"

కోటయ్య అటూ ఇటూ చూసి జాలీ ఊడదీశాడు. నేను షాఫ్టుకి పొడుగునా పసుపు రాసి బొట్లు పెట్టాను. పెళ్లికూతురులా కళకళలాడింది.

"ఇక బిగిస్తానక్కా."

"ఇప్పుడే బిగిస్తే పచ్చి కుంకం చెరిగిపోద్ది. పూజయ్యాక బిగించు."

చూశారుగా. ఆయన కట్టిన గోడ ఒక్కొక్క ఇటికా నేనే ఊడబీక్కుంటూ వచ్చాను. నా చావుకి నేనే మేస్త్రిని, నేనే కూలీని.

కొబ్బరికాయ కొట్టారు. ఒక చిప్ప దొర్లుకుంటూ మిషన్ల కిందనుంచి వెనక్కి పోయింది. కోటయ్య స్విచ్చి వేశాడు. మిషన్లు గురకపెట్టడం మొదలుపెట్టాయి. నేను మొదటి పిడికెడు పత్తి వేశాను. అందరూ దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత నేను దిష్టినీళ్ల పళ్లెం పట్టుకుని మిషన్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. దిష్టినీళ్లంటే తెలుసుగా, పసుపులో సున్నం కలిపితే నెత్తురులా ఎర్రబడతాయే, అవి. నా వెనకాల దీపం పట్టుకుని నాగమణి.

వెనకవైపుకి వెళ్లొద్దని ఆయన అన్నాడు. దిష్టి సగం తీసి వదిలేస్తారా ఎవరైనా? వెళ్లాం. షాఫ్టు కింద కొబ్బరిచిప్ప తెల్లగా నవ్వుతూ కనపడింది.

"అత్తా, నేను తీస్తాను," అని నాగమణి దీపం కింద పెట్టబోయింది.

"నువ్వాగు. మొదటి చిప్ప ముఠా పెద్దది. నిన్నగాక మొన్నొచ్చి నా చిప్ప నువ్వు తీస్తావా?" అన్నాను.

పళ్లెం ఒక చేత్తో పట్టుకుని వంగాను. భుజం మీదనుంచి కనకాంబరాలతో సహా జడ ముందుకి జారింది.

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. తల వెనక ఎవరో రోకలితో కొట్టినట్టయింది. మెడ పుటుక్కుమంది. పిన్నులు ఎగిరి గోడకి తగిలిన చప్పుడు వినపడింది. నేను వెల్లకిలా పడ్డాను. పళ్లెంలోని దిష్టినీళ్లు మొత్తం నా నెత్తిన పడ్డాయి. షాఫ్టు మీద నల్లటిదేదో టపటపా ఇనుముని కొట్టుకుంటూ తిరుగుతోంది. కనకాంబరాలు పెళ్లిలో అక్షింతల్లాగా నలుగురి మీదా పడుతున్నాయి.

మా ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి చూసింది ఇదీ: జడ షాఫ్టుకి ఉంది. నేను కింద ఉన్నాను. నా తలనిండా ఎర్రగా కారుతోంది.

ఒకరు అక్కడికక్కడే విరుచుకుపడిపోయారు. ఒకరు నా పేరు పెట్టి శోకాలు మొదలెట్టారు, నేను చూస్తుండగానే. కోటయ్య స్విచ్చి ఆపాడు. కానీ షాఫ్టు ఆపగానే ఆగేది కాదు. నా జడని ఇంకా తిప్పుతూనే ఉంది. సుధాకరంగారు దూదిలో జారుతూ పడుతూ వచ్చి, తన చొక్కా విప్పేసి నా తలకి అదిమిపట్టాడు.

"కళ్లు మూయొద్దమ్మా. నన్ను చూస్తూ ఉండండి. ఒరేయ్, ఎవడైనా ఆటో పిలవండిరా. పెద్దాసుపత్రికి పోవాలి."

నాకప్పుడు వచ్చిన ఆలోచన ఏంటో తెలుసా? బతికానా చచ్చానా అని కాదు. సవరం, సవరం, సవరం. అదొక్కటే. నోరు మూసుకుని ఆసుపత్రికి వెళ్లిపోతే ఎట్టా ఉంటుందా అని కూడా ఆలోచించాను. అక్కడ డాక్టరు చూసి, పుచ్చకాయలా చెక్కుచెదరని తల ఉందని చెప్తాడే.

"బాబూ, నాకేం కాలేదు," అన్నాను చిన్నగా.

"మాట్లాడించకండి. ఆవిడకి తెలియడం లేదు పాపం."

"తెలుస్తోంది బాబూ. ఆ జడ నాది కాదు."

ఆయన ఆగిపోయాడు. "మరి ఎవరిది?"

ఆ మాటతో ముఠాలో ప్రతి ఒక్కరూ తమ తమ జడలు పట్టుకుని చూసుకున్నారు. విరుచుకుపడినావిడ కూడా లేచి చూసుకుంది.

"మా అందరివీ ఉన్నాయత్తా. మరి అదెవరిది?"

ఇక దాచేదేముంది. "చీరాలది," అన్నాను.

"చీరాల నుంచి ఎవరొచ్చారమ్మా?" అన్నాడు సుధాకరంగారు ఏడుపు గొంతుతో.

"ఎవరూ రాలేదు బాబూ. చీరాల స్టేషను దగ్గర కొన్నాను. అది సవరం."

ఆయన చొక్కా మెల్లిగా ఎత్తి చూశాడు. లోపల పసుపు సున్నంలో తడిసిన నా అసలు జుట్టు, తెగులొచ్చిన మొక్కలా నాలుగువైపులకీ నిలబడి ఉంది. షాఫ్టు చివరి చుట్టు తిరిగి ఆగింది. అప్పుడు ఎక్కడినుంచో ఒక గొంతు వినపడింది.

"మరి గుంటగలగరాకు?"

అంతే. ఒకరు నవ్వడం మొదలుపెడితే, ఏడుస్తున్నవాళ్లు ఏడుపు మధ్యలోనే నవ్వులోకి మారిపోయారు. "మీ నాయనమ్మ సవరం కూడా చీరాలదేనా అత్తా?" అని ఒకరు. "ఆకు పిండీ పిండీ నా గోళ్లు పచ్చబడ్డాయి. నా గోళ్ల సంగతేంటో తేల్చు," అని ఒకరు. కోటయ్య నవ్వలేక, మానలేక, ఊడదీసిన జాలీ వెనకాలకి పోయి మొహం దాచుకున్నాడు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను?

ఇద్దరు మాత్రం నవ్వలేదు. సుధాకరంగారు బనీను మీదే పత్తికుప్ప మీద కూలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు. నాగమణి తన జడ రెండు చేతులతో పట్టుకుని షాఫ్టు వైపే చూస్తోంది.

"అత్తా, ఆ చిప్ప నేను తీస్తానన్నాను," అంది.

నవ్వులన్నీ ఆగిపోయాయి.

ఆ మాట నాకు ఇవాళ్టికీ చెవిలో వినపడుతుంది. నా తలకి ఉన్నది పిన్నులతో గుచ్చింది కాబట్టి పిన్నులతో పోయింది. దానిది మాడులోంచి మొలిచిన జుట్టు. దాన్ని నేను ఆపింది ప్రేమతో కాదు, కొబ్బరిచిప్ప మీద ఆశతో. నా దురాశే ఆ పిల్లని కాపాడింది. కాపాడినదాని గురించి ఇంత సిగ్గుపడాల్సి రావడం నాకొక్కదానికే జరిగి ఉంటుంది.

సుధాకరంగారు తల ఎత్తకుండానే అన్నాడు. "మా పాత మిల్లులో ఆ అమ్మాయిది సవరం కాదమ్మా."

ఆ పూట మాలో ఎవరూ ప్రసాదం కూడా ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడింది నేనే. తలకి గుడ్డ, మెడకి పట్టీ. తల కొద్దిగా తిప్పాలన్నా మనిషి మొత్తం తిరగాల్సిందే, ఎద్దుబండి మలుపు తిరిగినట్టు. వచ్చినవాళ్లని వచ్చినట్టు ఆపి, జడ విప్పించి, ముడి చుట్టించి, గుడ్డ లాగి మరీ చూసి పంపించాను.

"అశుభం కాదా అత్తా?" అని ఏడిపించారు.

"శుభమే. మెడ మీద తల ఉండటం కంటే శుభం ఏముందే? కట్టుకో."

నాగమణికి మాత్రం నేనే స్వయంగా ముడి చుట్టాను. ఆ జుట్టు నా రెండు చేతుల్లోనూ పట్టలేదు. ఎంత బరువో. నొప్పి పుడుతుందేమోనని నేను వదులుగా చుడుతుంటే అది, "గట్టిగా కట్టత్తా, నీ సవరం కట్టుకున్నట్టు కాదు," అంది. దానికి నవ్వు తిరిగొచ్చిందని అప్పుడు నాకు ఊపిరాడింది.

ఇక నా సవరం సంగతి. కోటయ్య దాన్ని కత్తితో కోసి షాఫ్టు మీదనుంచి విప్పాడు. పారేస్తాడనుకున్నాను. సుధాకరంగారు పారేయనివ్వలేదు. గోడ మీద బోర్డు పక్కనే మేకు కొట్టించి దాన్ని వేలాడదీశాడు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి ముందు దాన్నే చూపించేవాళ్లు. "ఇది రత్తమ్మత్త జడ. ఆవిడకి ఇంకో తల ఉంది కాబట్టి సరిపోయింది. నీకుందా?" అని అడిగేవాళ్లు. ఎవరూ రెండోసారి అడిగించుకోలేదు.

చాలా ఏళ్లకి, మనవరాలు బడికి వెళ్లే వయసులో, నేనూ మా కాలనీలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం రాగానే మిల్లుకి వెళ్లి ఆ బోర్డు ముందు నిలబడ్డాను. "జడలు, కొంగులు జాగ్రత్త." అంతే ఉంది దాని మీద. తలనూనె పేరు ఎంత వెతికినా లేదు.

తర్వాతి దసరాకి ఏం జరిగిందో చెప్పి ఆపేస్తాను. మిషన్లన్నీ ఆపి ఉన్నాయి. జాలీ బిగించే ఉంది, బొట్లు జాలీకే పెట్టాం. అన్నిటికీ పెట్టడం అయ్యాక చూస్తే, మా ఆడవాళ్లు మేకుకి వేలాడుతున్న నా జడకి కూడా పసుపు రాసి, ఇంత బొట్టు పెట్టి, కనకాంబరాలు చుట్టి, వరసగా నిలబడి దణ్ణాలు పెట్టుకుంటున్నారు. నేను బతికుండగా నా వెంట్రుకలకి పూజ జరగడం నా కళ్లారా చూశాను. పైగా అవి నావి కూడా కావు.

ఆ జడ సాక్షిగా, పిన్నులు తగిలిన గోడ సాక్షిగా, నేను ఒట్టు పెట్టుకున్నాను. సొంతదైనా సరే, కొన్నదైనా సరే, ఒక్క వెంట్రుక కూడా తలగుడ్డ దాటి తిరిగే మిషను ముఖం చూడదు. నా ప్రాణముండగా ఏ జాలీనీ ఊడదీయించను. ఇక కొబ్బరిచిప్ప దొర్లుకుంటూ షాఫ్టు కిందకి పోయిందా, అది షాఫ్టు వంతు. హాయిగా తిననివ్వండి.